డబుల్‌క్లిక్‌కు పలికే స్క్రిప్టు రాత్రి పదకొండింటికి ఎందుకు పలకదు?

పగలు మౌస్‌తో రెండుసార్లు నొక్కితే బ్యాచ్ ఫైలు, అంటే కమాండ్లను వరసగా రాసిపెట్టిన చిన్న స్క్రిప్టు, చక్కగా నడుస్తుంది. అదే ఫైలును, చెప్పిన వేళకు పనులు నడిపే విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో రాత్రి పదకొండింటికి పెడితే నడవదు. ఒక్కోసారి నడిచినట్టే చూపిస్తుంది గానీ తెల్లారి చూస్తే ఫోల్డర్ ఖాళీగా ఉంటుంది. విండోస్‌లో పనులను వాటంతటవే జరిగేలా పెట్టుకున్నవాళ్లలో ఈ దెబ్బ తగలనివాళ్లు అరుదు. తగిలినప్పుడు చాలామంది స్క్రిప్టులోనే తప్పు వెతుకుతారు, పది లైన్లను పదిహేనుసార్లు తిరగరాస్తారు. తప్పు మాత్రం ఎక్కువగా స్క్రిప్టు బయటే ఉంటుంది. పగలు ఆ ఫైలును నడిపింది కుర్చీలో కూర్చున్న మనిషి. రాత్రి నడిపేది విండోస్‌లోని ఒక సర్వీసు. అది నిలబడే ఫోల్డర్ వేరు, దానికి కనపడే డ్రైవులు వేరు, తేదీ రాసే పద్ధతి వేరు, కరెంటు గురించి పెట్టుకున్న షరతులు కూడా వేరు.

ఉదాహరణకు ఒక ఆడిటర్ ఆఫీసును తీసుకుందాం. ఐదారు కంప్యూటర్లు ఉంటాయి. వాటిలో కాస్త కొత్తదాన్ని అందరూ సర్వర్ అని పిలుస్తుంటారు. ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లోని క్లయింట్ల డేటా అంతా దాని డి డ్రైవ్‌లో ఉంటుంది. నెలలో 11, 20 తేదీలు వస్తున్నాయంటే, అంటే జీఎస్‌టీఆర్-1, 3బీ అనే జీఎస్‌టీ రిటర్నుల గడువులు దగ్గరపడ్డాయంటే, ఆ డేటాకు ఏమైనా అయితే ఆఫీసు మొత్తం నిలిచిపోతుంది. అందుకని రోజూ రాత్రి 11 గంటలకు ఆ ఫోల్డర్ నెట్‌వర్క్‌లో ఉన్న ఇంకో డిస్క్‌లోకి కాపీ కావాలి. పని ఇంతే. విండోస్‌తోపాటే వచ్చే రోబోకాపీ అనే కమాండ్ ఒక్క లైనులో చేసేస్తుంది. ఆ ఒక్క లైను చుట్టూ ఎన్ని గోతులున్నాయో చూస్తే షెడ్యూలర్ అసలు స్వభావం అర్థమవుతుంది.

ఎవరి పేరు మీద, ఏ గదిలో

ముందు షెడ్యూలర్ పుట్టుక గురించి రెండు మాటలు. 1995లో విండోస్ 95తోపాటు విడిగా అమ్మిన ప్లస్ ప్యాక్‌లో సిస్టమ్ ఏజెంట్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉండేది. విండోస్ ఎన్‌టీలో ఇదే పనికి 'ఎట్' అనే కమాండ్ ఉండేది. ఇప్పుడు మనం చూస్తున్న షెడ్యూలర్ విండోస్ విస్టాతో వచ్చింది. అప్పటి నుంచీ ప్రతి టాస్క్ సిస్టమ్32లోని టాస్క్స్ ఫోల్డర్‌లో ఒక ఎక్స్ఎమ్ఎల్ ఫైలుగా ఉంటోంది. ఇది మనకోసమే పెట్టిన సౌకర్యం అనుకోవడం పొరపాటు. దీన్ని అందరికంటే ఎక్కువగా వాడుకునేది విండోసే. కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన కంప్యూటర్‌లో షెడ్యూలర్ తెరిచి చూసినా, డిస్క్ సర్దడం దగ్గర్నుంచి అప్‌డేట్లు వెతకడం దాకా వందకు పైగా టాస్క్‌లు అప్పటికే వరసలో ఉంటాయి. మన టాస్క్ వాటి పక్కన చేరే ఇంకొకటి మాత్రమే.

కొత్త టాస్క్ తయారుచేసేటప్పుడు మొదటి పేజీలోనే ఒక ప్రశ్న ఉంటుంది: యూజర్ లాగిన్ అయి ఉన్నప్పుడే నడపాలా, ఉన్నా లేకపోయినా నడపాలా? రాత్రి 11కి ఆఫీసులో ఎవరూ ఉండరు కాబట్టి రెండోదే ఎంచుకుంటాం. అది సరైన ఎంపికే. కాకపోతే ఆ ఒక్క టిక్‌తో స్క్రిప్టు వేరే గదిలోకి వెళ్లిపోతుంది. విస్టా నుంచీ సర్వీసులన్నీ సెషన్ సున్నా అనే విడి సెషన్‌లో నడుస్తున్నాయి. కీబోర్డు ముందు కూర్చున్న మనిషికి దొరికేది ఒకటో సెషనో, ఆ తర్వాతదో. మధ్యలో గోడ ఉంటుంది. సున్నా గదిలో ఏదైనా విండో తెరుచుకున్నా ఎవరికీ కనపడదు.

దీనివల్ల వచ్చే చిక్కులు అన్నీ ఇన్నీ కావు. స్క్రిప్టు చివర 'ఏదైనా కీ నొక్కండి' అనిపించే పాజ్ లైను ఉందనుకోండి, ఆ కీ నొక్కేవాళ్లు ఆ గదిలో ఉండరు. ఎక్సెల్ ఫైలు తెరిచి రిపోర్టు తీసే స్క్రిప్టు అయితే, ఎక్సెల్ ఎప్పుడో ఒకరోజు 'మార్పులు సేవ్ చేయాలా' అని అడుగుతుంది. జవాబు చెప్పేవాళ్లు లేక అలాగే నిలబడిపోతుంది. టాస్క్ మాత్రం 'నడుస్తోంది' అనే చూపిస్తుంది.

డ్రైవ్ అక్షరాల గొడవ ఇంకా మామూలు. నెట్‌వర్క్ డిస్క్‌కు ఆఫీసులో జెడ్ డ్రైవ్ అని పేరు పెట్టుకుంటారు, స్క్రిప్టులోనూ అదే రాస్తారు. ఆ జెడ్ అనేది మనం లాగిన్ అయిన సెషన్‌లో కట్టుకున్న ముడి. సున్నా గదికి జెడ్ అంటే ఏమిటో తెలియదు. రెండు వెనక గీతలు, కంప్యూటర్ పేరు, షేర్ పేరు ఇలా పూర్తి నెట్‌వర్క్ చిరునామా రాస్తే తప్ప దారి దొరకదు. దాని కింద ఇంకో గొయ్యి ఉంది. 'పాస్‌వర్డ్ దాచవద్దు' అనే టిక్ బాక్స్ చూసి, భద్రతకు మంచిదే కదా అని కొందరు దాన్ని ఎంచుకుంటారు. అలా నడిచే టాస్క్‌కు ఆ కంప్యూటర్ దాటి బయటికెళ్లే హక్కు ఉండదు. లోకల్ ఫైళ్లతో పని చేసుకుంటుంది, నెట్‌వర్క్ షేర్ గుమ్మం దగ్గర ఆగిపోతుంది.

పోనీ పాస్‌వర్డ్ దాచాం. మూడు నెలలకు ఆ యూజర్ పాస్‌వర్డ్ మారుస్తాడు. షెడ్యూలర్ దగ్గర ఉన్నది పాతదే. ఆ రాత్రి నుంచి లాగిన్ విఫలమవుతుంది. ఇంతకంటే ఎక్కువ జరిగేది ఇంకొకటుంది. టాస్క్‌లన్నీ పెట్టిన ఉద్యోగి మానేస్తాడు. అతని ఎకౌంట్‌ను పద్ధతి ప్రకారం డిసేబుల్ చేస్తారు. అతని పేరు మీద నడుస్తున్న బ్యాకప్ కూడా ఆ రోజే ఆగుతుంది. ఎవరికీ తెలియదు, ఎందుకంటే అది నడుస్తోందన్న సంగతి కూడా అతనికే తెలుసు. ఇలాంటి పనులకు మనుషుల ఎకౌంట్లు వాడకుండా, బ్యాకప్ కోసమే ఒక ఎకౌంట్ తెరిచి, దానికి ఆ రెండు ఫోల్డర్ల మీద మాత్రమే హక్కు ఇవ్వడం మంచిది. పెద్ద కంపెనీల్లో యూజర్లందరినీ ఒకేచోట నిర్వహించే యాక్టివ్ డైరెక్టరీ ఉంటే, పాస్‌వర్డ్‌ను అదే మార్చుకునే ప్రత్యేక సర్వీసు ఎకౌంట్లు ఉంటాయి. ఐదు కంప్యూటర్ల ఆఫీసుకు అంత అక్కర్లేదు.

నిలబడే చోటు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. డబుల్‌క్లిక్ చేసినప్పుడు స్క్రిప్టు తానున్న ఫోల్డర్‌లోనే నిలబడి నడుస్తుంది. కాబట్టి 'లాగ్.టీఎక్స్‌టీ' అని ఊరికే రాసినా ఫైలు పక్కనే పుడుతుంది. షెడ్యూలర్ అదే స్క్రిప్టును సిస్టమ్32లో నిలబెట్టి నడుపుతుంది. లాగ్ ఫైలు అక్కడ పుడుతుంది, హక్కు లేకపోతే అదీ పుట్టదు. యాక్షన్ పేజీలో 'స్టార్ట్ ఇన్' అనే గడి దీనికోసమే ఉంది. 'ఆప్షనల్' అని పక్కన రాసి ఉండడంతో అందరూ వదిలేస్తారు. నింపినవాళ్లలో కొందరు అలవాటుకొద్దీ కొటేషన్ గుర్తులు పెడతారు. పైనున్న ప్రోగ్రామ్ గడిలో అవి ఉండవచ్చు, ఈ గడిలో ఉండకూడదు.

షరతుల పేజీ, ఆగే గడియారం

కండిషన్స్, సెట్టింగ్స్ అనే రెండు ట్యాబ్‌లను టాస్క్ పెట్టేవాళ్లలో సగం మంది తెరవరేమో. తెరవకపోతే విండోస్ తన ఇష్టప్రకారం నింపిన విలువలే ఉండిపోతాయి. వాటిలో మూడు మనకు నేరుగా తగులుతాయి.

మొదటిది కరెంటు. కంప్యూటర్ బ్యాటరీ మీద ఉంటే టాస్క్ మొదలుపెట్టవద్దనీ, మధ్యలో బ్యాటరీకి మారితే ఆపేయమనీ ముందుగానే టిక్ పెట్టి ఉంటుంది. ల్యాప్‌టాప్‌లను దృష్టిలో పెట్టుకుని చేసిన ఏర్పాటు ఇది. మన ఊళ్లలో దీని ఫలితాలు తమాషాగా ఉంటాయి. ఇన్వర్టర్ మీద నడిచే డెస్క్‌టాప్‌కు కరెంటు పోయిందన్న సంగతే తెలియదు, అది దర్జాగా కాపీ చేసుకుంటూ పోతుంది. యూఎస్‌బీ వైరుతో కంప్యూటర్‌కు కలిపిన యూపీఎస్ అయితే విండోస్ దాన్ని బ్యాటరీగానే చూస్తుంది. పదకొండుంబావుకు ఐదు నిమిషాలు కరెంటు పోతే బ్యాకప్ సగంలో ఆగుతుంది. మంచి యూపీఎస్ కొని, దాని వైరు కూడా శ్రద్ధగా తగిలించినవాడికే ఈ నష్టం.

రెండోది తప్పిపోయిన వేళ. రాత్రి 11కి కంప్యూటర్ ఆపేసి ఉంటే ఆ రోజు టాస్క్ పోయినట్టే. 'వేళ తప్పితే వీలైనంత త్వరగా నడుపు' అనే టిక్ ఉంది గానీ ముందుగా పెట్టి ఉండదు, మనమే పెట్టాలి. పెట్టాక పొద్దున కంప్యూటర్ ఆన్ చేయగానే బ్యాకప్ మొదలుకాలేదని కంగారు పడనక్కర్లేదు. తప్పిపోయిన టాస్క్‌లను విండోస్ మామూలుగా పది నిమిషాలు ఆగి మొదలుపెడుతుంది. వేళకు బదులు 'కంప్యూటర్ ఆన్ అయినప్పుడు' అనే ట్రిగర్ (టాస్క్‌ను మొదలుపెట్టే సంకేతం) పెడదామనుకునేవాళ్లకు ఇంకో తిరకాసు. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉంది. అది ఆన్‌లో ఉంటే 'షట్‌డౌన్' అన్నది పూర్తి షట్‌డౌన్ కాదు, విండోస్ గుండెకాయను నిద్రపుచ్చి డిస్క్‌లో దాచడం. మర్నాడు అది నిద్ర లేస్తుందే తప్ప కొత్తగా పుట్టదు, కాబట్టి ఆ ట్రిగర్ పేలదు. రీస్టార్ట్ చేస్తే మాత్రం పేలుతుంది. పరీక్షించేటప్పుడు అందరూ రీస్టార్టే చేస్తారు, అందుకే పరీక్షలో ఎప్పుడూ పాసవుతుంది.

మూడోది కాస్త నెమ్మదిగా చూడాల్సిన సంగతి, ఎందుకంటే ఇక్కడ మూడు వేర్వేరు డిఫాల్టులు, అంటే మనం మార్చకపోతే ముందుగానే ఉండే విలువలు, కలిసి ఒక గొలుసు తయారవుతుంది. ట్యాలీని ఎవరో మూయకుండా ఇంటికెళ్లారు, ఒక డేటా ఫైలు తాళం పడి ఉంది అనుకుందాం. రోబోకాపీ ఆ ఫైలు దగ్గరికొచ్చి ఆగుతుంది. విడిగా చెప్పకపోతే అది ఎన్నిసార్లు ప్రయత్నిస్తుందో తెలుసా? పది లక్షల సార్లు. ప్రతి ప్రయత్నానికీ మధ్య 30 సెకన్లు ఆగుతుంది. మూడు కోట్ల సెకన్లు, అంటే దాదాపు 347 రోజులు. ఒక్క ఫైలు కోసం ఏడాదికి పద్దెనిమిది రోజులు తక్కువ! తెల్లారి ఆ ట్యాలీని ఎవరైనా మూస్తే సరే. నెలాఖరు హడావుడిలో, వరస సెలవుల్లో అది తెరిచే ఉండిపోతే సోమవారం రాత్రి మొదలైన కాపీ అలాగే కూర్చుంటుంది.

మంగళవారం రాత్రి 11 అవుతుంది. షెడ్యూలర్ చూస్తుంది: పాతది ఇంకా నడుస్తోంది. అలాంటప్పుడు కొత్తది మొదలుపెట్టవద్దన్నది ఇంకో డిఫాల్టు. బుధవారమూ అంతే. మూడు రోజులు దాటిన టాస్క్‌ను ఆపేయమన్నది మూడో డిఫాల్టు. అంటే గురువారం రాత్రికి గానీ దానికి విముక్తి లేదు. ఏ ఒక్క డిఫాల్టూ విడిగా చూస్తే తెలివితక్కువది కాదు. మూడూ కలిసినప్పుడు మాత్రం ఒక ఫైలు తాళం వల్ల మూడు రాత్రుల బ్యాకప్ పోతుంది. రోబోకాపీకి 'రెండుసార్లు ప్రయత్నించు, ఐదేసి సెకన్లు ఆగు' అని చెప్పి, టాస్క్ గడువును మూడు రోజుల నుంచి రెండు గంటలకు తగ్గిస్తే గొలుసు తెగుతుంది.

గడియారం గురించి ఇంకొకటి. మన దేశంలో ఏడాది పొడుగునా ఒకటే టైము కాబట్టి ఈ బాధ మనకు లేదు. అమెరికా సర్వర్లను హైదరాబాద్‌లో కూర్చుని చూసుకునే వేలమందికి మాత్రం ఉంది. అక్కడ మార్చి రెండో ఆదివారం తెల్లవారుజామున 2 నుంచి 3 మధ్య గంట అసలు ఉండదు. నవంబరు మొదటి ఆదివారం 1 నుంచి 2 మధ్య గంట రెండుసార్లు వస్తుంది. ఆ సందులో పెట్టిన టాస్క్‌ల మీద ఆ రెండు రోజులూ ఒక కన్నేసి ఉంచాల్సిందే. న్యూయార్క్‌కూ మనకూ తేడా చలికాలంలో పదిన్నర గంటలు, ఎండాకాలంలో తొమ్మిదిన్నర. మన టైముకు కట్టిన టాస్క్ అక్కడివాళ్లకు ఏడాదిలో కొన్ని నెలలు గంట ముందో వెనకో పడుతుంది.

తేదీలో ఆరో అక్షరం

బ్యాకప్ ఫోల్డర్‌కు తేదీ పేరు పెట్టాలని అందరికీ ఉంటుంది. బ్యాచ్ ఫైల్లో తేదీ అనే వేరియబుల్‌ను ముక్కలు కోసి సంవత్సరం, నెల, రోజు తీయడం పాత పద్ధతి. టాస్క్‌బార్ మూల 15-08-2025 అని కనపడే కంప్యూటర్‌లో, సున్నా నుంచి లెక్కపెట్టి ఆరో స్థానం దగ్గర నాలుగు అక్షరాలు కోస్తే 2025 వస్తుంది. పగలు బాగానే ఉంటుంది. ఇదే స్క్రిప్టును, విండోస్ తన సొంత పనులకు వాడే సిస్టమ్ ఎకౌంట్ మీద నడిపితే ఆ ఎకౌంట్‌కు మన ప్రాంతీయ సెట్టింగ్ వర్తించకపోవచ్చు. చాలా కంప్యూటర్లలో దానికి అమెరికా పద్ధతే ఉంటుంది: ముందు వారం పేరు మూడక్షరాల్లో, ఒక ఖాళీ, ఆ తర్వాత 08/15/2025. అక్కడా ఆరో స్థానం నుంచి నాలుగు అక్షరాలే కోస్తుంది. వచ్చేది '/15/'. ఫైలు పేరులో ఆ ఏటవాలు గీత ఉండకూడదు కాబట్టి స్క్రిప్టు అక్కడే బోర్లా పడుతుంది.

ఈ చిక్కు తప్పించుకోవడానికి కొందరు డబ్ల్యూఎమ్ఐసీ అనే పాత కమాండ్‌తో తేదీ తీసేవాళ్లు. అది నమ్మకంగానే పనిచేసేది. మైక్రోసాఫ్ట్ దాన్ని పక్కనపెట్టేసింది, కొత్త విండోస్ 11ల నుంచి తీసేస్తోంది. వీబీస్క్రిప్ట్ అనే పాత స్క్రిప్టు భాషది కూడా అదే దారి. 2000 సంవత్సరంలో 'ఐ లవ్ యూ' వైరస్ ప్రపంచమంతా తిరిగింది ఆ భాషలోనే. 2023 అక్టోబరులో దానికి వీడ్కోలు ప్రకటించారు. విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది కాబట్టి కంప్యూటర్లు మార్చే ఆఫీసులు చాలా ఉన్నాయి. పాత మెషీన్‌లో ఎప్పుడో ఎవరో రాసిపెట్టిన స్క్రిప్టుల్లో ఈ రెండూ ఎక్కడున్నాయో ముందే వెతికి పెట్టుకోవడం నయం.

ఇప్పుడు కొత్తగా రాసేవాళ్లు విండోస్‌లోని కొత్తతరం స్క్రిప్టు భాష పవర్‌షెల్‌లో రాయడమే మేలు. తేదీని 2025-08-15 రూపంలో ఇమ్మంటే ఎవరి ఎకౌంట్ అయినా, మన సెట్టింగ్ అయినా, అమెరికాది అయినా అదే రూపంలో ఇస్తుంది. ఫోల్డర్లు పేరును బట్టి వరసపెడితే తేదీల వరస కూడా దానంతటదే వస్తుంది. టాస్క్‌ను తయారుచేయడానికి కూడా విండోస్ 8 నుంచి పవర్‌షెల్‌లో విడి కమాండ్లున్నాయి. ట్రిగర్, యాక్షన్, సెట్టింగ్స్ మూడింటినీ ఫైల్లో రాసి పెట్టుకుంటే కొత్త కంప్యూటర్ కొన్నప్పుడు ఆ టిక్‌లన్నీ గుర్తుతెచ్చుకుని మళ్లీ పెట్టే పని తప్పుతుంది. అంతకుముందు నుంచీ ఉన్న స్కెడ్‌టాస్క్స్ కమాండ్ కూడా చిన్న పనులకు చాలు.

పవర్‌షెల్ దగ్గర తెలుగువాళ్లకు ప్రత్యేకంగా తగిలే రాయి ఒకటుంది. డేటా ఫోల్డర్ పేరు 'లెక్కలు' అని తెలుగులోనే పెట్టుకున్నారనుకుందాం. విండోస్ దానికి అభ్యంతరం చెప్పదు. స్క్రిప్టును నోట్‌ప్యాడ్‌లో రాశారు. 2019 నుంచి నోట్‌ప్యాడ్, అన్ని భాషల అక్షరాలనూ బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో, ఏ గుర్తూ పెట్టకుండా సేవ్ చేస్తోంది. విండోస్‌తో వచ్చే పవర్‌షెల్ 5.1 మాత్రం, ఫైలు మొదట్లో బామ్ అనే చిన్న గుర్తు లేకపోతే, దాన్ని పాతకాలపు ఒంటి బైటు అక్షరాల ఫైలు అనుకుంటుంది. 'లెక్కలు' కంటికి మూడక్షరాలు. యూనికోడ్ లెక్కలో ఎత్వం, పొల్లు, కొమ్ము విడివిడిగా కలిపి ఏడు. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి మూడు బైట్ల చొప్పున ఇరవై ఒకటి. పవర్‌షెల్‌కు ఆ ఇరవై ఒకటీ ఇరవై ఒక్క వేర్వేరు అక్షరాలుగా కనపడతాయి. నెత్తిన గీత ఉన్న ఇంగ్లిష్ 'ఎ' ప్రతి మూడింటికీ ఒకసారి వస్తూ ఉంటుంది. అలాంటి పేరున్న ఫోల్డర్ ఎక్కడా లేదు కనుక 'దారి దొరకలేదు' అంటుంది. సేవ్ చేసేటప్పుడు కింద ఎన్‌కోడింగ్ దగ్గర బామ్ ఉన్న యూటీఎఫ్-8 ఎంచుకుంటే చాలు. విడిగా ఇన్‌స్టాల్ చేసుకునే పవర్‌షెల్ 7లో ఈ సమస్యే లేదు. ఫోల్డర్ పేరు ఇంగ్లిష్‌లోకి మార్చేయమని సలహా ఇచ్చేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. నోట్‌ప్యాడ్‌లో ఒక్క ఎంపికతో తీరేదానికి అంత త్యాగం అనవసరం.

ఒకటి అంటే మంచి, సున్నా అంటే అనుమానం

ఇక ఫలితం సంగతి. షెడ్యూలర్‌లో 'లాస్ట్ రన్ రిజల్ట్' అనే గడి ఉంటుంది. సున్నా ఉంటే పని సవ్యంగా జరిగినట్టు, ఇంకేదైనా ఉంటే తేడా ఉన్నట్టు అని అందరూ నేర్చుకుంటారు. షెడ్యూలర్ చూపేది స్క్రిప్టు పోతూ పోతూ చెప్పిన అంకెను మాత్రమే. బ్యాచ్ ఫైలు మామూలుగా తనలోని చివరి కమాండ్ చెప్పిన అంకెనే తనదిగా చెబుతుంది. రోబోకాపీ అంకెల భాష వేరు. కొత్త ఫైళ్లను విజయవంతంగా కాపీ చేస్తే అది 1 అంటుంది. కాపీ చేయాల్సినవేమీ లేకపోతే 0 అంటుంది. గమ్యంలో అదనపు ఫైళ్లుంటే 2, పొంతన లేనివి ఉంటే 4, కొన్ని కాపీ కాకపోతే 8, అసలు పనే చేయలేకపోతే 16. ఇవి ఒకదానికొకటి కలుస్తాయి కూడా. 3 అంటే కొత్తవి కాపీ అయ్యాయి, గమ్యంలో అదనంగా కొన్ని ఉన్నాయి అని.

కాబట్టి బ్యాకప్ బ్రహ్మాండంగా జరిగిన రాత్రి షెడ్యూలర్‌లో '0ఎక్స్1', అంటే 1, కనపడుతుంది. ప్రపంచంలోని మిగతా ప్రోగ్రాముల్లో చాలావాటికి అది తప్పు జరిగిందని చెప్పే అంకె. వారం రోజులు ఆ ఒకటిని చూసి కంగారుపడి, అంతా బాగానే ఉందని తెలుసుకుని, ఇక ఆ గడినే చూడటం మానేస్తారు. అసలు ప్రమాదం అప్పుడు మొదలవుతుంది. ఒకరోజు అది 16 అయినా ఎవరూ చూడరు. స్క్రిప్టు చివర రెండు లైన్లు చేర్చితే ఇది చక్కబడుతుంది: 8 లేదా అంతకు పైన వస్తే 1తో బయటకు రా, లేకపోతే 0తో రా. బ్యాచ్ భాషలో 'ఎర్రర్‌లెవెల్ 8 అయితే' అని రాస్తే దానర్థమే '8 లేదా అంతకు పైన'. పాతకాలపు వింత అలవాట్లలో ఇదొక్కటైనా అక్కరకొచ్చింది.

పవర్‌షెల్ పెట్టే ఇబ్బంది దీనికి తలకిందులు. కాపీ చేయాల్సిన ఫైలు దొరకకపోతే ఎర్రటి అక్షరాల్లో నాలుగు లైన్ల ఫిర్యాదు రాస్తుంది, ఆ తర్వాత ఏమీ జరగనట్టు ముందుకు సాగి, చివరికి సున్నాతో బయటకొస్తుంది. మనిషి ముందు నడిచినప్పుడు ఆ ఎరుపు కనపడుతుంది. సెషన్ సున్నాలో ఎరుపును చూసేదెవరు? స్క్రిప్టు మొదట్లోనే తప్పు రాగానే ఆగిపొమ్మని చెప్పాలి. ఎర్రర్ యాక్షన్ ప్రిఫరెన్స్ అనే వేరియబుల్‌కు 'స్టాప్' అని ఇచ్చేది అందుకే. అది లేని పవర్‌షెల్ టాస్క్ చూపే సున్నాను నమ్మలేం.

షెడ్యూలర్‌లో 'హిస్టరీ' అనే ట్యాబ్ కూడా ఉంది. ఎన్నింటికి మొదలైంది, ఎన్నింటికి ముగిసింది, ఎందుకు మొదలుకాలేదు అన్నీ అందులో ఉంటాయి. చాలా కంప్యూటర్లలో దాన్ని తెరిస్తే ఆ వసతి ఆపేసి ఉందని చెబుతుంది. కుడివైపు పట్టీలో ఒక్క నొక్కుతో ఆన్ అవుతుంది. మొదటి రోజే ఆన్ చేయకపోతే, చూడాల్సి వచ్చిన రోజున అందులో ఏమీ ఉండదు.

రోబోకాపీ కమాండ్ పక్కన రాసే మిర్ అనే స్విచ్ గురించి ఒక్కమాట చెప్పకుండా వదలకూడదు. అది గమ్యాన్ని మూలానికి అద్దంలా ఉంచుతుంది, మూలంలో లేనివాటిని గమ్యంలో చెరిపేస్తుంది. ట్యాలీ డేటాను ఎవరో వేరే డ్రైవ్‌కు మార్చి, పాత ఫోల్డర్‌ను ఖాళీగా వదిలేశారనుకోండి. ఆ రాత్రి అద్దంలో కూడా శూన్యమే మిగులుతుంది, ఫలితం గడిలో ఏ తప్పూ కనపడదు. డబ్బు గుంజడానికి తయారైన రాన్సమ్‌వేర్ వచ్చి ఫైళ్లకు తాళం వేసినా అంతే, తాళం పడిన ఫైళ్లనే అద్దం శ్రద్ధగా తీసుకెళ్లి దాస్తుంది. 2017 మేలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ వ్యాపించినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కంప్యూటర్లకు కూడా ఆ తాళాలు పడ్డాయి. రోజుకో తేదీ ఫోల్డర్‌లోకి కాపీ చేసి, ముప్పై రోజులు దాటినవాటిని తీసేయడం డిస్క్ ఎక్కువ తింటుంది గానీ, ఒక్క రాత్రిలో అంతా పోదు.

భద్రత విషయంలో షెడ్యూలర్‌కు చెడ్డ చరిత్రే ఉంది. ఎవరూ లేనప్పుడు, ఎక్కువ హక్కులతో, తనంతట తాను నడిచే ఏర్పాటు మంచివాళ్లకెంత అక్కరో దొంగలకూ అంతే అక్కర. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అనే కంప్యూటర్ వర్మ్ వాడుకున్న లోపాల్లో ఒకటి షెడ్యూలర్‌లోదే. టాస్క్ ఫైలును ఎవరైనా మార్చారో లేదో తెలుసుకోవడానికి విండోస్ అప్పట్లో సీఆర్‌సీ-32 అనే లెక్కను వాడేది. అది ప్రసారంలో పొరపాట్లు పట్టుకునే లెక్క, మోసాన్ని పట్టుకునేది కాదు. ఫైల్లోని యూజర్‌ను మార్చి, లెక్క మళ్లీ పాత అంకెకే తేలేలా చివర్లో నాలుగు అక్షరాలు సర్దితే సరిపోయింది. ఆ ఏడాది డిసెంబరులో దాన్ని సరిచేశారు.

ఆడిటర్ ఆఫీసుకు స్టక్స్‌నెట్ రాదు. దాని స్థాయి తప్పు మాత్రం అక్కడా జరుగుతుంది. టాస్క్‌ను సిస్టమ్ ఎకౌంట్ మీద అత్యధిక హక్కులతో పెడతారు, అది నడిపే బ్యాచ్ ఫైలును అందరూ రాయగల షేర్ ఫోల్డర్‌లో ఉంచుతారు. ఆ ఫైల్లో ఒక లైను చేర్చగలిగిన ఎవరైనా ఆ రాత్రికి ఆ కంప్యూటర్ యజమాని అయిపోయినట్టే. స్క్రిప్టు ఉన్న ఫోల్డర్‌లో అడ్మినిస్ట్రేటర్ తప్ప ఇంకెవరూ రాయలేకుండా చూడాలి. పవర్‌షెల్‌లో ఎగ్జిక్యూషన్ పాలసీ దీన్ని ఆపుతుందని కొందరి నమ్మకం. పొరపాటున నడిచే స్క్రిప్టులను ఆపడానికి పెట్టిన గడియ అది. కావాలని వచ్చేవాడికి దాన్ని తీసేయడం ఒక్క స్విచ్ పని, షెడ్యూలర్‌లో మనమూ రోజూ తీస్తూనే ఉన్నాం.

ఇన్ని జాగ్రత్తలు పడ్డాక కూడా ఒక లోటు ఉండిపోతుంది. నడిచి తప్పిన టాస్క్ ఏదో ఒక అంకె చెబుతుంది. అసలు మొదలే కాని టాస్క్ ఏమీ చెప్పదు. తప్పు జరిగినప్పుడు మెయిల్ పంపమని స్క్రిప్టులో రాసుకున్నా, స్క్రిప్టే నడవనప్పుడు ఆ మెయిల్ రాదు. మెయిల్ రాలేదంటే అంతా బాగుందనే అనుకుంటాం. కాబట్టి కాపలా బయటి నుంచి, తలకిందులుగా ఉండాలి. ఇంకో కంప్యూటర్‌లో, పొద్దున పదింటికి ఆఫీసు తెరిచాక, చిన్న స్క్రిప్టు ఒకటి బ్యాకప్ ఫోల్డర్‌లోకి తొంగిచూసి అన్నిటికంటే కొత్త ఫైలు ఎప్పటిదో, ఎంత పెద్దదో లెక్కపెట్టాలి. ఇరవై ఆరు గంటలు దాటినా, నిన్నటికంటే బాగా చిన్నదైనా స్క్రీన్ మధ్యలో ఒక పెట్టె చూపాలి. 

ఈ కాపలా టాస్క్‌ను తయారుచేసేటప్పుడు మొదటి పేజీలోని ఆ పాత ప్రశ్న మళ్లీ వస్తుంది: యూజర్ లాగిన్ అయి ఉన్నప్పుడేనా, లేకపోయినానా? ఇక్కడ మాత్రం మొదటిదే ఎంచుకోవాలి. చేయి అలవాటులో రెండోదాని మీద పడితే, ఆ హెచ్చరిక పెట్టె ఠంచనుగా పదింటికి సెషన్ సున్నాలో తెరుచుకుని, ఎవరూ నొక్కని 'ఓకే' బటన్‌తో మూడు రోజులు అక్కడే నిలబడి ఉంటుంది.